పదో రోజు దాకా

మోతి వెంకవ్వను కరిచిన సాయంత్రం కల్లంలో ముగ్గురే ఉన్నారు. పసుపు రైతు ముత్తెన్న, అతని భార్య నీలవ్వ, పనికి వచ్చిన వెంకవ్వ. మిగతా కూలి ఆడవాళ్లు అప్పటికే తడక దాటి ఆర్మూర్ బాట పట్టారు.

పొద్దు వాలుతోంది. పగలంతా ఎండిన పసుపు కొమ్ములను మంచుకు తడవకుండా కుప్పలు చేసి, గోనెపట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టే పని అప్పుడే ముగిసింది. నీలవ్వ కొట్టం ముందు బర్రెకు కుడితి కలుపుతోంది. ముత్తెన్న తడక పక్కన నులక మంచం మీద కూర్చున్నాడు. పని దిగే వేళ రోజూ అక్కడే కూర్చుంటాడు. ప్రతి ఆడమనిషీ అతని ముందు ఆగి, పసుపు దాచలేదని కొంగు విప్పి దులిపి పోవాలి. మోతి అతని కాళ్ల దగ్గర ఉంటుంది. గొలుసు కొస అతని చేతిలో. ఎవరైనా కొంగు దులపకుండా అడుగు ముందుకు వేస్తే గొలుసు జానెడు వదులుతాడు. కుక్క గుర్రుమంటుంది. మనిషి ఆగిపోతుంది. అంతకు మించి ఎన్నడూ అవసరం పడలేదు.

ఆ రోజు వెంకవ్వ కొంగు దులిపి బయటికి పోయి, సద్దిగిన్నె మరిచిపోయానని మళ్లీ వచ్చింది. కుప్పల వెనుక నుంచి గిన్నె తీసుకుని, తడక దాకా రాకుండా కంచె సందులోంచి దగ్గరి దారిన పోబోయింది.

"ఏయ్, ఆగు. కొంగు దులిపి పో," అన్నాడు ముత్తెన్న.

"ఇందాకనే దులిపిన గద పటేలా. పిల్ల ఒక్కతే ఉన్నది ఇంట్ల," అంటూనే ఆమె నడుస్తోంది.

ముత్తెన్న మంచం మీది నుంచి లేవలేదు. గొలుసు వదిలేశాడు. "ఉస్కో," అన్నాడు.

నీలవ్వ చెయ్యి కుడితిలోనే ఉంచి తలెత్తి చూసింది. మోతి మొరగకుండానే ఉరికింది. వెంకవ్వ పిక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గిన్నె దొర్లి దొర్లి కుప్ప అంచుకు తగిలి ఆగింది. అందులో ఏమీ లేదు. ఆమె కొంగులోనూ ఏమీ లేదు.

నీలవ్వ ఉరికివచ్చి గొలుసు పట్టి కుక్కను లాగింది. నెత్తురు చూసి ముత్తెన్న కూడా లేచాడు. "ఆగమంటె ఆగకపోతివి," అన్నాడు మెల్లగా. నీలవ్వ పట్టా కింద చెయ్యి పెట్టి నేలమీద రాలిన పసుపు దుమ్ము గుప్పెడు తీసి గాయం మీద అదిమింది. తన చీర కొంగు చింపి కట్టు కట్టింది. వెంకవ్వ పండ్లు బిగబట్టి తడక గుంజను పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. "గిన్నె," అన్నది కాసేపటికి. నీలవ్వ గిన్నె తెచ్చి ఆమె చేతికిచ్చింది.

మరునాడు పొద్దున ముత్తెన్న బండి కట్టాడు. అప్పటికే వాడకట్టంతా తెలిసిపోయింది. కుక్కకు పిచ్చి లేచిందని అతనే నలుగురికీ చెప్పాడు. బండిలో వెంకవ్వ, ఆమె పక్కన నీలవ్వ. ఆర్మూర్ దవాఖాన వరండాలో చైనా లడాయి ఫండుకు బంగారం ఇవ్వమని చెప్పే పోస్టరు ఒకటి ఇంకా వేలాడుతోంది. దాని కింద బల్ల మీద కూర్చున్నారు.

డాక్టరు వయసులో చిన్నవాడు, కొత్తగా వచ్చాడు. గాయం కడిగిస్తూ అడిగాడు. "కుక్క ఎవరిది?"

"మాదే సాబ్," అన్నాడు ముత్తెన్న.

"ఊరికే మీద పడ్డదా? లేకుంటే ఎవరైనా కొట్టడం, రాయి విసరడం, ఉసిగొల్పడం లాంటిదేమన్నా జరిగిందా?"

"ఊకెనే సాబ్. తన తోవల తాను పోతుంటె మీద వడ్డది. పిచ్చి లేసినట్టున్నది."

డాక్టరు వెంకవ్వ వైపు చూశాడు. వెంకవ్వ తన పాదం వైపు చూస్తోంది. నీలవ్వ భర్త భుజం మీది తువ్వాలను చూసింది. అంచున పసుపు మరక ఉంది. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. నోరు రాలేదు.

"కుక్కను చంపేశారా?"

"ఇంటికి వోంగనే చంపుతం సాబ్. మా అన్న నడిపయ్య ఉన్నడు, గా పని ఆయినకు ఎరికే."

"చంపొద్దు," అన్నాడు డాక్టరు గట్టిగా. "కట్టెయ్యండి. పది రోజులు చూడాలి. తింటుందా, నీళ్లు తాగుతుందా, గొంతు మారిందా, దవడ వేలాడుతుందా. పదో రోజు దాకా బాగుంటే దానికి ఏ రోగమూ లేనట్టు. అప్పుడీమెకు సూదులు ఆపెయ్యొచ్చు. మధ్యలో చచ్చిందంటే పద్నాలుగు సూదులూ తప్పవు. ఊరికే కరిచిందంటున్నారు కాబట్టి ఈ రోజే మొదలుపెడదాం."

కంపౌండరు గంగాకిషన్ సూది ఉడకబెట్టాడు. మందు నిజామాబాద్ నుంచి పొద్దటి బస్సులో వచ్చింది. వెంకవ్వను బల్ల మీద పడుకోబెట్టి, చీర కుచ్చిళ్లు బొడ్డు కిందికి జరపమన్నాడు. నీలవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. సూది పెన్సిలంత పొడుగుంది. లోపలికి దిగుతుంటే వెంకవ్వ వేళ్లు నీలవ్వ మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. గాజొకటి పగిలి నీలవ్వ చేతిలో గుచ్చుకుంది. ఆమె చెయ్యి తీసుకోలేదు.

కుక్కను కొట్టంలో, బర్రెకు దూరంగా, మూల గుంజకు కట్టేశారు. నీలవ్వ తప్ప ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు. పొద్దున జొన్న గటక, పొద్దుమూకి రొట్టె, మట్టి చిప్పలో నీళ్లు. తిన్నదా లేదా అని చిప్ప వంచి చూసేది. మోతి ఎప్పటిలాగే తినేది, చిప్ప నాకేది, ఆమె కాలికి తల రుద్దేది. ముత్తెన్న దగ్గు వినపడితే చెవులు నిక్కబొడుచుకుని తోక ఆడించేది.

రెండో రోజు నుంచి వెంకవ్వ దవాఖాన నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చేది. కుంటుకుంటూ, కట్టె పట్టుకుని. తడక దగ్గర నిలబడి, "అక్కా, ఎట్లున్నది?" అని అడిగేది. మొదటిసారి నీలవ్వ అక్కడి నుంచే, "మంచిగున్నది, తిన్నది," అని చెప్పి పంపింది. మరునాడు వెంకవ్వ అక్కడి నుంచి కదల్లేదు.

"నా కండ్లతోని సూస్తనక్కా. నువ్వు చెప్పేది అబద్ధమని గాదు. సూస్తె పాణం నిమ్మలమైతది."

నీలవ్వ ఆమెను వాకిట్లోంచి కొట్టంలోకి తీసుకుపోయింది. పసుపు తొక్కడానికి, ఏరడానికి నాలుగేండ్లుగా వస్తున్నా వెంకవ్వ కల్లం దాటి ఇటు రావడం అదే. మోతి లేచి గొలుసు తెంపుకునేలా గుంజింది. వెంకవ్వ గోడకు ఆనుకుని, దాని నోట్లోకి, నాలుక మీదికి, కండ్లలోకి చూసింది. నీలవ్వ చిప్పలో నీళ్లు పోస్తే అది తాగింది. అది తాగుతున్నంత సేపూ వెంకవ్వ ఊపిరి పట్టుకునే ఉంది.

"తాగింది," అన్నది.

"తాగింది," అన్నది నీలవ్వ.

ఐదో రోజు నీలవ్వ పసుపు ఉడికించే పని ఇంకొకరికి అప్పజెప్పి వెంకవ్వతో పాటు దవాఖానకు పోయింది. వెంకవ్వ పొట్ట మీద బొడ్డు చుట్టూ నాలుగు చోట్ల వాపు, నిమ్మకాయంత గడ్డలు. గంగాకిషన్ వేలితో తాకి ఐదోదానికి జాగ వెతికాడు. అతను ఆర్మూర్‌వాడే. ముత్తెన్నను, నీలవ్వను ఎరిగినవాడే.

"జర గట్టిగ పట్టుకో అక్కా," అన్నాడు. సూది తీశాక స్పిరిట్ దూది అద్దుతూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఎవలన్న ఉసిగొల్పితె కరిసిందంటె సారు గిన్ని సూదులు రాయకపోవు. కట్టేసి సూద్దమనేటోడు. బాగున్న కుక్క గూడ ఉసిగొల్పితె కరుస్తది గద. ఊకెనే కరిసిందంటె ఎవలు ధైర్నం జేస్తరు?"

నీలవ్వ చేతిలో వెంకవ్వ చెయ్యి ఉంది. అది చల్లగా, చెమటతో తడిసి ఉంది.

వెంకవ్వను వరండాలో కూర్చోబెట్టి నీలవ్వ డాక్టరు గది ముందు నిలబడింది. లోపల ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగింది. తర్వాత లోపలికి పోయి, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పింది.

"సాబ్, గా రోజు మేము అబద్ధం చెప్పినం. కుక్క ఊకెనే కరవలె. ఉసిగొల్పిన్రు."

"ఎవరు?"

"మా ఇంటాయినె. నేను సూసిన. నేను గూడ చెప్పలె."

డాక్టరు కోపం చేస్తాడనుకుంది. చెయ్యలేదు. కుక్క తిండి గురించి, నీళ్ల గురించి, నడక గురించి ఒక్కొక్కటే అడిగాడు. మధ్యాహ్నం గంగాకిషన్‌ను సైకిల్ మీద పంపాడు. గంగాకిషన్ కొట్టం బయట నిలబడి మోతి గటక తినడం, నీళ్లు తాగడం చూసి వెళ్లాడు. సాయంత్రం కబురు వచ్చింది. రేపటి నుంచి సూది వద్దు. కానీ కుక్క ప్రతి రోజూ కండ్ల ముందు ఉండాలి. ఒక్క పూట తిండి మానినా చెప్పాలి. అది చచ్చినా, తప్పిపోయినా సూదులు మళ్లీ మొదలు.

సైకిల్ ఎందుకు వచ్చిందో ముత్తెన్నకు తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"దవాఖానల ఏం చెప్పినవే?"

"జరిగింది చెప్పిన."

"నా ఇజ్జత్ తీసినవ్."

"దాని కడుపుల సూదులు దిగుతున్నయి. నేను చేతులు వట్టుకుంటున్న. నీకు కానొస్తలేదు, నాకు కానొస్తున్నది."

"నేను కరువుమన్ననా? బెదిరిద్దామనుకున్న. అది గట్ల వడ్తదని నాకేం ఎరుక?"

"బెదిరిద్దామనుకున్న అని నువ్వే డాక్టరుకు చెప్పరాదు మరి?"

ముత్తెన్న లేచి కల్లం వైపు పోయాడు. ఆ పూట అన్నం తినలేదు. కుప్పల మధ్య తిరుగుతూ, పట్టాలు సరిగ్గా ఉన్నా మళ్లీ సరిచేస్తూ కనపడ్డాడు. 

మరునాడు పొద్దున ఇంటి వెనుక పెద్ద కడాయిలో పచ్చి పసుపు ఉడుకుతోంది. నీలవ్వ పొయ్యిలోకి పత్తికట్టె తోస్తోంది. పొగలోంచి అవతల గోడ దగ్గర నడిపయ్య గొంతు వినిపించింది. నడిపయ్య ముత్తెన్నకు పెదనాయన కొడుకు, పక్కిల్లే. వాడకట్టులో ఏ తగవు వచ్చినా నలుగురిలో అతను ముందుంటాడు.

"తమ్మీ, జర సోంచాయించు. అది పిచ్చిదైతె తప్పు కుక్కది. పిచ్చిది గాదని తేలితె తప్పు నీ మీదికొస్తది. రేపు కల్లానికి ఒక్క ఆడిది రాదు. గింత పసుపు ఎవలు తొక్కుతరు, ఎవలు ఏర్తరు? అదే గీ రెండు దినాలల్ల సచ్చిందనుకో, పిచ్చితోని సచ్చిందంటరు. ఖతం."

ముత్తెన్న ఏమన్నాడో వినపడలేదు. అసలు ఏమన్నా అన్నాడో లేదో. వద్దన్నమాట మాత్రం వినపడలేదు.

కాసేపటికి నడిపయ్య మోదుగాకులో చుట్టిన రొట్టె పట్టుకుని కొట్టం వైపు వచ్చాడు. రొట్టె మధ్యలో బెల్లం మెరుస్తోంది. నీలవ్వ చేతిలోని కట్టె కింద పెట్టి అడ్డంగా పోయి నిలబడింది.

"ఇటియ్యి బావా. నేను దప్ప ఎవలు పెట్టినా మీద వడ్తది."

నడిపయ్య ఒక క్షణం ఆమె ముఖం చూసి రొట్టె ఇచ్చాడు. "మొత్తం పెట్టు. ముక్క గూడ బయట వడెయ్యకు, కోండ్లు తింటయి," అన్నాడు.

అతను గోడ మలుపు తిరిగేదాకా ఆగి, నీలవ్వ రొట్టెను ఆకుతో సహా కడాయి కింద మంట మధ్యలోకి విసిరింది. బెల్లం చిటపటలాడి నల్లగా పొంగింది. చేతులు బూడిదతో, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. కడాయి మీది గోనె ఎత్తి, కొమ్ము ఒకటి తీసి పుల్లతో గుచ్చి చూసింది. పుల్ల మెత్తగా దిగింది. పనివాడిని పిలిచి కడాయి దింపమని చెప్పింది. తర్వాత కొట్టంలోకి పోయింది.

ఎడ్ల మూతికి కట్టే తాటినార చిక్కం మోతి మూతికి పెద్దదైంది. మెడ వెనుక నుంచి తాడు రెండు చుట్లు చుట్టి బిగించింది. గొలుసు చేతికి మెలేసుకుని వాకిట్లోంచి బయటికి నడిచింది. కల్లంలో కొమ్ములు తిరగదోస్తున్న ఆడవాళ్లు పారలు ఆపి చూశారు. ముత్తెన్న కుప్ప అవతల నిలబడి చూశాడు. మోతి అతన్ని చూసి అటు గుంజింది. నీలవ్వ ఇటు గుంజింది.

బజారులో అంగళ్లవాళ్లు మెట్లెక్కి నిలబడ్డారు. పసుపు బండ్లు వరసగా ఉన్నచోట ఎడ్లు బెదిరాయి. "పిచ్చికుక్కను యాడికి తీస్కవోతున్నవమ్మా?" అని ఎవరో అరిచారు. "పిచ్చిది గాదు," అన్నది నీలవ్వ నడుస్తూనే. బియ్యం మిల్లు వెనుక వాడకు చేరేసరికి ఆమె చెయ్యి గొలుసుకు ఒరుసుకుపోయి మండుతోంది.

వెంకవ్వ ఇల్లు ఒంటిగది. ముందు పందిరి. భర్త బొంబాయిలో మిల్లు పనికి పోయాడు. ఆమె, ఏడేండ్ల కూతురు ఉంటారు. కల్లానికి పోలేదు కాబట్టి వెంకవ్వ పందిరి కింద కాలు చాపుకుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కుక్కను చూసి చాట పక్కకు తోసి వెనక్కి జరిగింది. తునికాకులు నేలమీద చెదిరాయి.

"ఏందక్కా గిది?"

"మీ ఇంట్ల కట్టేస్త. గీ నాలుగైదు దినాలు."

"నా ఇంట్లనా? నన్ను కరిసిన కుక్కనా?"

"గిది బతుకుడు నీకే కావాలె. మా ఇంట్ల ఎవలికీ అక్కెర లేదు. పొద్దున మందు వెట్టిన రొట్టె తెచ్చిన్రు."

పిల్ల తలుపు వెనుక నిలబడి చూస్తోంది. "నీకు గూడ అక్కెర లేదా?" అని అడిగింది వెంకవ్వ.

"నాకున్నది. గని నేనొక్కదాన్ని. కడాయి కాడికి వోతె కొట్టం కాడ ఎవలుండాలె?"

వెంకవ్వ గోడ పట్టుకుని లేచి, పందిరి చివరి గుంజను చూపించింది. "గా గుంజకు కట్టు. గొలుసు పొట్టిగ కట్టు. పిల్ల గిట్ల పోతది."

ఆ వాడకు నీలవ్వ ఎన్నడూ రాలేదు. ఇప్పుడు పొద్దున, పొద్దుమూకి రెండు పూటలా వస్తోంది. కుక్కకు తిండి పెట్టి, కాసేపు పందిరి కింద కూర్చుంటుంది. వెంకవ్వ కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొసను గోటితో మడిచి, దారం కట్టి పక్కన పడేస్తుంది. చూపు చేతుల మీద కన్నా కుక్క మీదనే ఎక్కువ. దాన్ని ఒక్కసారీ పేరుతో పిలవలేదు. నీళ్లు పొయ్యాల్సి వస్తే చిప్పను పొడుగాటి కట్టెతో తోసేది.

ఏడో రోజు సాయంత్రం నీలవ్వ అన్నది. "వెంకవ్వా, నీకో మాట చెప్పాలె. గా రోజు నేను కొట్టం కాడ ఉన్న. అంత సూసిన. మా ఆయినె ఉస్కో అన్నడు. డాక్టరు అడిగితె నేను నోరు మూసుకున్న."

వెంకవ్వ దారం కొరికి తెంపింది. "నేను ఇన్ననక్కా. ఎనుకనుంచి ఆ మాట ఇన్న. ఇన్నంకనే పిక్క కాడ వట్టింది."

"ఇన్నవా? మరి డాక్టరుకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పుదు? పక్కన్నే ఆయినె నిలవడ్డడు. కల్లం ఆయిందే, బండి ఆయిందే. సూదులైతె పద్నాలుగు రోజులకు అయిపోతయి. కల్లం పోతె మళ్ల దొరుకుతదా?" ఇంకో ఆకు తీసుకుంది. "నువ్వు చెప్తవని మాత్రం అనుకోలె."

నీలవ్వ చాటలోంచి ఆకు తీసి చుట్టబోయింది. కొస విప్పుకుపోయింది. వెంకవ్వ ఆమె చేతిలోంచి తీసుకుని మళ్లీ చుట్టింది.

ఎనిమిదో రోజు పొద్దున మోతి గటక ముట్టలేదు. నీలవ్వ వచ్చేసరికి వెంకవ్వ గుంజకు ఆరడుగుల దూరంలో నేలమీద కూర్చుని చిప్పనే చూస్తోంది. చెయ్యి చీర మీద నుంచి పొట్ట మీది గడ్డలను తడుముతోంది. నీలవ్వ మోతి మూతి రెండు చేతులతో పట్టి తెరిచి చూసింది. నీళ్లు పెట్టింది. అది వాసన చూసి తల తిప్పుకుంది. ఇద్దరూ ఎండ పందిరి దాటి గోడకెక్కేదాకా అక్కడే కూర్చున్నారు. దవాఖానకు చెప్పి రావాలని నీలవ్వ లేచింది. అప్పుడు వెంకవ్వ కూతురు తలుపు వెనుక నుంచి ఏడుస్తూ బయటికి వచ్చింది. పొద్దున్నే పక్కింటివాళ్లు పారేసిన మేక పేగులు తానే కట్టెతో దాని ముందుకు తోశానని, అది అంతా తిన్నదని చెప్పింది. వెంకవ్వ పిల్లను కొట్టబోయి, కొట్టకుండా దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నానికి మోతి నీళ్లు తాగింది. సాయంత్రం రొట్టె తిన్నది.

రొట్టె తిన్న కాసేపటికే ఇంకొకటి జరిగింది. ముసలాయన ఒకడు కట్టె పట్టుకుని, చూపు ఆనక తడుముకుంటూ పందిరి పక్క నుంచి పోతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. గొలుసు ఎవరూ వదల్లేదు. మోతి చడీచప్పుడు లేకుండా లేచి, సరిగ్గా పిక్క చూసుకుని ఎగిరింది. గొలుసు పొట్టిది కాబట్టి పండ్లు గాలిలో కొట్టుకున్నాయి. ముసలాయన తెలియకుండానే దాటి పోయాడు. గుంజ ఊగింది. నీలవ్వ లేచి కుక్క మెడపట్టా పట్టుకుంది. దాని గుండె ఆమె అరచేతి కింద వేగంగా కొట్టుకుంటోంది. ఆమెను చూసి తోక ఆడించింది, మెప్పు కోసం చూసినట్టు.

ఆ సాయంత్రం నీలవ్వ ఇంటికి పోతూ మోటారు స్టాండు దగ్గర ఆగింది. ధర్పల్లి పోయే బస్సు కండక్టరుకు తన తమ్ముడు చిన్నన్న పేరు, ఊరి గుర్తులు చెప్పి, బండి కట్టుకుని రమ్మని కబురు పంపింది.

పదో రోజు పొద్దున గంగాకిషన్ సైకిల్ మీద మిల్లు వెనుక వాడకు వచ్చాడు. మోతి తినడం చూశాడు, తాగడం చూశాడు. ఇవతల నిలబడి చప్పట్లు కొట్టి మొరిగించి గొంతు విన్నాడు. "అయిపోయింది వెంకవ్వా. దీనికేం రోగం లేదు. నీకేం ఫికర్ లేదు. సారు చెప్పమన్నడు," అన్నాడు. వాడ ఆడవాళ్లు చుట్టూ మూగారు. అందులో కల్లానికి వచ్చేవాళ్లు ఇద్దరున్నారు. "పిచ్చి లేకుంటె మరి ఎందుకు కరిసింది?" అని ఒకామె అడిగింది.

"ఉస్కో అంటె కరిసింది," అన్నది నీలవ్వ. "మా ఇంట్ల అట్ల నేర్పినం."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చిన్నన్న బండి వచ్చి మిల్లు గోడ దగ్గర ఆగిన కాసేపటికే ముత్తెన్న కూడా వచ్చాడు. కల్లం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ల నిండా పసుపు. మోతి అతన్ని చూసి ముందరి కాళ్లెత్తి గుంజుకుంటూ గెంతింది, కుయ్ కుయ్‌మన్నది. వాడ ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. ముత్తెన్న ఎప్పుడు వచ్చినా లేచి నిలబడే వెంకవ్వ ఈసారి లేవలేదు. కత్తెర ఆపకుండా ఆకు కత్తిరిస్తూ కూర్చుంది.

"పిచ్చి లేదన్నడట గద," అన్నాడు ముత్తెన్న నీలవ్వతో. ముఖం కొంచెం తేలికపడి ఉంది. "ఇంటికి తోల్కరా. ఇంకో నెల దాక కుప్పలు కల్లంలనే ఉంటయి. కావలి లేకుంటె ఎట్ల? మంచి కుక్క. ఎనుకటి లెక్కనే కట్టేసుకుందం."

"గా దినం చంపుతనంటివి."

"గా దినం వేరే. ఇప్పుడు రోగం లేదని తేలిపాయె గద. చంపొద్దు అని పోరు వెట్టింది నువ్వే గద. ఇగ ఏమైంది?"

"చంపొద్దు అన్నమాట నిజమే," అన్నది నీలవ్వ. "గని మన ఇంటికి రాదు. మనుషులు పనికి వచ్చే ఇంట్ల గిది ఉండొద్దు. నిన్న గాక మొన్న ఎవలు ఏమనకున్నా ముసలాయిన మీదికి లేసింది. చిన్నన్న మక్కచేను అడివి కాడ ఉన్నది. మంచె కాడ వాడు దప్ప మనిషి రాడు. పందులను ఎల్లగొడ్తది. ఆడ ఉంటది."

"నన్ను అడగకుండనే పిలిపిచ్చినవా?"

"పిలిపిచ్చిన."

ముత్తెన్న చుట్టూ చూశాడు. ఆడవాళ్లు చూస్తున్నారు. గంగాకిషన్ సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నేల చూస్తున్నాడు. ముత్తెన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పసుపు చెంపలకు అంటింది.

చిన్నన్న బండి దిగి కుక్కను పట్టబోయాడు. మోతి పండ్లు బయటపెట్టింది. నీలవ్వ పట్టుకుని బండి దాకా తెచ్చింది గానీ బండి ఎక్కించలేకపోయింది. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి కూర్చుంది. రెండుసార్లు ఎత్తబోతే జారిపోయింది. చివరికి ముత్తెన్న వచ్చాడు. ఆమె చేతిలోంచి గొలుసు తీసుకున్నాడు. బండి పలక మీద అరచేత్తో తట్టి, "మోతీ, ఎక్కు," అన్నాడు. ఒక్క గంతులో ఎక్కి కూర్చుంది.

చిన్నన్న సంబరపడ్డాడు. "మస్తు చెప్పినట్టు ఇంటున్నది బావా! పందులు వచ్చినప్పుడు ఏమనాలె? ఏమంటె ఉరుకుతది?"

ముత్తెన్న గొలుసును బండి పక్క గుంజకు కడుతున్నాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

"ఏమనకు," అన్నాడు. "పందులను అదే సూసుకుంటది. మనుషుల మీదికి మాత్రం ఎన్నడు ఉసిగొల్పకు చిన్నన్నా. బెదిరిద్దమని గూడ అనకు. దానికి బెదిరిచ్చుడు ఎరుక లేదు. మనం చెప్పింది చేస్తది."

చిన్నన్న తలూపి ఎడ్లను అదిలించాడు. బండి మిల్లు గోడ దాటి ధర్పల్లి బాట వైపు తిరిగింది. మోతి వెనక్కి తిరిగి కూర్చుని ముత్తెన్ననే చూస్తోంది, ఎప్పుడు పిలుస్తాడా అన్నట్టు. బండి కనపడకుండా పోయింది. వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇండ్లలోకి పోయారు. గంగాకిషన్ సైకిల్ ఎక్కాడు.

ముత్తెన్న పోలేదు. పందిరి అంచున నిలబడ్డాడు. నీలవ్వ అతని వైపు చూడకుండా, కుక్క తిన్న చిప్పను ఇసుకతో తోముతోంది.

"కాలెట్లున్నది?" అని అడిగాడు వెంకవ్వను.

వెంకవ్వ చాట పక్కన పెట్టింది. చీర అంచు జరిపి, పిక్క మీది గుడ్డ విప్పి, కాలు అతని ముందుకు చాపింది.

ముత్తెన్న కాసేపు నిలబడ్డాడు. తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని, వంగి చూశాడు.